వేట లేని ఊళ్ళో వేట బండి

2025లో దసరా మా శంషాబాద్ వాళ్ళని రెండు విధాల సతాయించింది. మొదటిది వాన. సెప్టెంబర్ చివరి వారంలో హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ గేట్లు ఎత్తేసరికి మూసీ పొంగి ఏకంగా మహాత్మాగాంధీ బస్టాండులోకే వచ్చి కూర్చుంది. పండక్కి ఊరెళ్ళాల్సిన జనం సామాన్లు నెత్తిన పెట్టుకుని నీళ్ళలో నడిచారు. రెండోది క్యాలెండరు. దసరా సరిగ్గా అక్టోబర్ 2న పడింది. గాంధీ జయంతి కాబట్టి మద్యం దుకాణాలు బంద్, సిటీలో మాంసం కొట్లు బంద్. యాట కోయని దసరాని తెలంగాణలో ఎవరూ దసరా అనరు. అందుకని ఒకటో తారీఖు సాయంత్రానికే కొట్ల ముందు బారులు తీరారు. ఎవరింట్లో ఫ్రిజ్ పెద్దదో, అందులో ఎంత జాగా ఖాళీగా ఉందో వీధి వీధంతా లెక్కలు తేల్చేసింది.

సద్దుల బతుకమ్మ సెప్టెంబర్ 30న. దానికి ముందు రోజుల్లో తెల్లవారుజామున బెంగుళూరు హైవే పక్కన నిలబడితే పూలే పూలు. షాద్‌నగర్ వైపు నుంచి బంతి, చామంతి, గునుగు, తంగేడు నింపుకొని గుడిమల్కాపూర్ మార్కెట్‌కి పోయే బండ్లు వరస కట్టాయి. ఎక్కువ భాగం పికప్‌లే. బొలెరోలు, దోస్త్‌లు, ఇంట్రాలు, టాటా ఏస్‌లు. వీటికన్నా కొంచెం పెద్దది ఏది కనిపించినా మావాళ్ళు డీసీఎం అనే అంటారు. ఎనభైల్లో డీసీఎం-టయోటా పేరుతో లారీలు అమ్మిన కంపెనీ చేతులు మారి ఎంతో కాలమైంది. బండి మీద ఎవరి పేరున్నా మా దగ్గర అది డీసీఎమ్మే.

ఇన్ని బండ్లు కళ్ళ ముందు తిరుగుతుంటే మా కాకకి కొత్త పికప్ మీద మనసు పడింది. అసలు కబురు అదే.

కాక కోరిక

కాకకి పాలమాకుల దాటాక కొంచెం పొలం ఉంది. విమానాశ్రయం వచ్చిన దగ్గర్నుంచీ ప్లాట్ల వాళ్ళు ఎన్నిసార్లు వచ్చి అడిగినా అమ్మలేదు. వానాకాలం మక్క వేస్తాడు, తర్వాత పల్లి, ఏడాది పొడుగునా కూరగాయలు. చుట్టుపక్కల సగం భూమి వెంచర్లై గోడలు లేచాయి. మిగతా సగం తుప్పలు పట్టి పడావు పడింది. ఆ తుప్పల్లో అడవి పందులు కాపురం పెట్టాయి. మక్క కంకి పాలు పోసుకునే వేళకి ఎవరో కబురు పెట్టినట్టే దిగుతాయి. అక్టోబర్‌లో పల్లి విత్తితే ఆ రాత్రే సాలు వెంబడి తవ్వుకుంటూ గింజ మిగల్చకుండా తినిపోతాయి.

"నాకొక వేట బండి గావాలె" అన్నాడు కాక బతుకమ్మ రోజుల్లో. నాలుగు చక్రాల్నీ తిప్పే ఇంజను, ముందు రెండు వరసల సీట్లు, వెనక ట్రాలీ, నెత్తి మీద నాలుగు సర్చిలైట్లు. ఫోన్లో ఫొటో కూడా చూపించాడు. ఏదో ఎడారిలో ఇసుక చిమ్ముకుంటూ పోతున్న బండి అది.

అంత తొందర ఎందుకంటే, సెప్టెంబర్ 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. ట్రాక్టర్ల మీద 12 నుంచి 5కి దిగింది. అసలే దసరా ముందు ముహూర్తాల కాలం. షోరూముల్లో టీ కప్పులు ఖాళీ లేవు.

చిన్నమ్మ అంతా విని ఒకటే అంది. "వేట బండి సరే, వేటేది?"

చిన్నమ్మ ప్రశ్నకి జవాబు

మా ముత్తాతల కాలంలో ఈ పక్క వేట మామూలు సంగతి. కుందేలుకి ఉరి, కంజుపిట్టకి వల, పందికి కుక్కలు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అదంతా నేరమైంది. కాల్చి చంపితేనే వేట అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఉచ్చు పెట్టడం, పట్టుకోవడం, ఎర వేయడం కూడా ఆ చట్టం లెక్కలో వేటే. బండి కొనేవాళ్ళు తెలుసుకోవాల్సింది ఇంకోటి ఉంది. అదే చట్టం 39వ సెక్షన్ ప్రకారం, వేట నేరానికి వాడి పట్టుబడిన బండి ప్రభుత్వ ఆస్తి అవుతుంది. కిస్తీలు కట్టేది మనం, బండి సర్కారుది. ఒక్క కుందేలు కూర కోసం అంత బేరం ఎవరు చేస్తారు? జోధ్‌పూర్ దగ్గర 1998 అక్టోబర్‌లో కృష్ణజింకల వేటకి జిప్సీలో వెళ్ళారన్న కేసులో సినిమా హీరో సల్మాన్ ఖాన్‌కి 2018లో కింది కోర్టు అయిదేళ్ళ శిక్ష వేసిన సంగతి కాకకి గుర్తు చేశాను. పైగా జింక మన తెలంగాణ రాష్ట్ర జంతువు.

మరి పంట తినే పందుల మాటేమిటి? చట్టంలో దారి ఉంది. పంటకి నష్టం చేస్తున్నాయని తేలి, అటవీ శాఖ అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తే, అనుమతి పొందిన షూటర్లు కాలుస్తారు. మనం తుపాకీ భుజాన వేసుకుని బయల్దేరడానికి లేదు, కూలిన పందిని కూర వండుకోవడానికీ లేదు. కొందరు చేను చుట్టూ దొంగతనంగా కరెంటు తీగ లాగుతారు. అది అన్నిటికన్నా పాపం. పందికి పెట్టిన తీగకి పొరుగు రైతులూ ఎడ్లూ బలైన వార్తలు ప్రతి సీజనులోనూ పేపర్లో వస్తూనే ఉన్నాయి.

ఇక మిగిలింది కాపలా. పాత చీరలు కట్టడం, డబ్బాలు మోగించడం, మిరపకాయల పొగ పెట్టడం. పల్లి చేను చుట్టూ ముళ్ళున్న కుసుమ నాలుగు వరసలు వేస్తే పందులు జంకుతాయని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. అంటే కాకకి కావాల్సింది రాత్రి చేని గట్టున నిలబడే బండి, తెల్లారితే అదే బండి కూరగాయలతో మార్కెట్‌కి పోవాలి. సర్చిలైట్ల ఫొటో ఆ పూటకి పక్కకి పోయింది.

విమానాశ్రయంలో చిరుత

వేట అనగానే ఇక్కడి వాళ్ళకి గుర్తొచ్చేది 2024 వేసవి. ఏప్రిల్ చివర్లో గొల్లపల్లి వైపు ఎయిర్‌పోర్టు ప్రహరీ దగ్గర ఒక చిరుత తిరిగింది. కంచె సైరన్ మోగింది, కెమెరాలో బొమ్మ పడింది. అటవీ శాఖ వాళ్ళు బోన్లు, కెమెరాలు పెట్టారు. బోనులో మేకను కట్టినా అది దగ్గరదాకా వచ్చి వెనక్కి పోయేదట. మే మొదటి వారంలో ఎట్టకేలకి చిక్కింది. నెహ్రూ జూపార్కుకి తీసుకెళ్ళి వైద్య పరీక్ష చేయించి, అమ్రాబాద్ పులుల అడవిలో వదిలారు. అన్ని రోజులూ మా పక్క సాయంత్రం వాకింగులు బంద్. దానికి నాలుగేళ్ళ ముందు, 2020 లాక్‌డౌన్‌లో మైలార్‌దేవ్‌పల్లి దగ్గర హైవే మీద ఇంకో చిరుత పట్టపగలు పడుకుని దేశమంతా టీవీల్లో కనిపించింది.

ఈ రోజుల్లో అడవి జంతువు వెంట పడే హక్కున్న పికప్ ఏదైనా ఉందంటే, అది బోను మోసుకుపోయే అటవీ శాఖ బండే. అది కూడా ప్రాణంతో పట్టి ప్రాణంతో దించడానికే.

ఎయిర్‌పోర్టు చుట్టూ ఉండేవాళ్ళకి దసరాకి ఇంకో జాగ్రత్త ఉంటుంది. విమానాల నియమాల ప్రకారం పది కిలోమీటర్ల లోపు బయట జంతువుల్ని కోయకూడదు, పక్షులు మూగేట్టు చెత్త పారేయకూడదు. యాట పేగులు చెరువు గట్టున పారేస్తే గద్దలు తిరుగుతాయి, గద్ద ఇంజనులో పడితే విమానం ప్రమాదంలో పడుతుంది. 2025లో యాట కోత ముందురోజుకే జరిగింది కాబట్టి ఆ చెత్త కూడా ముందురోజే వచ్చింది.

నిజాం గారి బండి

హైదరాబాద్‌లో వేట ముచ్చట నిజాముల దగ్గరికి పోకుండా ఆగదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులి వేటకి పెట్టింది పేరు. వనస్థలిపురంలో ఇప్పుడు జనం జింకల్ని చూడ్డానికి పోయే హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాముల వేట మైదానం. మహావీరుడి 2500వ నిర్వాణ ఉత్సవాల పేరు మీద 1975లో అది జింకల రక్షిత వనమైంది. శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక ఫర్హాబాద్ కొండ మీద వాళ్ళ వేట విడిది శిథిలాలు ఉన్నాయి. ఇప్పుడు ఆ దారిలో రాత్రి 9 నుంచి తెల్లవారి 6 దాకా బండ్లనే వదలరు.

అదే మహబూబ్ అలీ ఖాన్ ఒక పసుపుపచ్చ రోల్స్ రాయిస్‌ని ఆర్డరు పెట్టాడు, లోపల సింహాసనం లాంటి సీటుతో. 1911లో ఆయన కన్నుమూశాక బండి వచ్చింది. చౌమహల్లా ప్యాలెస్‌కి పోతే ఇప్పటికీ చూడొచ్చు. ఇంతా చేసి అది తిరిగింది కొన్ని వందల మైళ్ళే. దర్జా కోసం కొన్న బండి దర్జాగా నిలబడిపోయింది. ఈ కథ కాకకి చెప్పినప్పుడు సర్చిలైట్ల ఫొటో పూర్తిగా డిలీట్ అయింది.

టెక్సస్ నుంచి బామ్మర్ది

అదే వారంలో టెక్సస్ నుంచి మా బామ్మర్ది ఫోను. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాడు. ఆఫీసు తోటివాళ్ళతో జింకల వేటకి అలవాటు పడ్డాడు. అక్కడ తెల్లతోక జింకల సీజను నవంబర్ మొదటి శనివారం మొదలు. లైసెన్సు కావాలి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళయితే వేట పాఠం చదివి పాసవ్వాలి. టెక్సస్‌లో భూమి చాలా వరకు ప్రైవేటుదే కాబట్టి, ఎవరో ఒక రైతు దగ్గర సీజనుకి జాగా లీజుకి తీసుకుంటారు.

"బావా, నువ్వు నమ్మవ్ గానీ ఈడ గూడ పందుల బాధనే" అన్నాడు. ఊళ్ళ మీద పడ్డ పందుల్ని ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే కాల్చడానికి 2019 నుంచి టెక్సస్‌లో వేట లైసెన్సు కూడా అక్కర్లేదట. కాక పక్కనే ఉండి విన్నాడు. గట్టిగా నిట్టూర్చాడు.

బామ్మర్ది కొన్నది ఫోర్డ్ ఎఫ్-150. ఆ ఎఫ్ వరస 1977 నుంచీ అమెరికాలో ఎక్కువ అమ్ముడుపోయే పికప్. దాదాపు ఆరు మీటర్ల బండి. మన సందుల్లో దాన్ని తిప్పాలంటే ముందు రెండిళ్ళ అరుగులు తీసెయ్యాలి. ఏం చూసి కొన్నావని అడిగితే వరసగా చెప్పాడు. వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. నేల మీద తివాచీ కాకుండా రబ్బరు ఉండాలి, బురద బూట్లతో ఎక్కినా నీళ్ళు కొట్టి కడిగేట్టు. ట్రాలీకి తాళం వేసే మూత ఉండాలి. డీలరు ఇంటికి దగ్గరుండాలి. "వేటకి పోయేది ఏడాదికి రెండు మూడు వారాంతాలు బావా. మిగిలిన రోజులన్నీ ఆఫీసుకి, బిడ్డ కూచిపూడి క్లాసుకి. వేటనాడు గూడ పోయేటప్పుడు ఏ బండైనా బాగనే ఉంటది. పొద్దంతా చలిల కూసోని, చీకటి పడ్డంక మూడు గంటలు నడుపుకుంట వచ్చేటప్పుడు చూడాలె, మంచి బండేందో తెలుస్తది."

ఎక్కడో డాలస్‌లో పుట్టిన ఆ మాట పాలమాకులకి అచ్చంగా సరిపోయింది. కాక కూరగాయల బండి తెల్లవారుజామున మార్కెట్‌కి నిండుగా పోతుంది, పొద్దెక్కాక ఖాళీగా వస్తుంది. పోయేటప్పుడు ధర మీద ఆశ ఉంటుంది, నిద్ర రాదు. వచ్చేటప్పుడు ఒళ్ళు అలిసిపోయి, బండి ఖాళీగా ఎగురుతూ, కళ్ళు మూతలు పడుతుంటాయి. నమ్మకమైన బండా, సుఖమైన బండా అని అడిగితే, రెండింటికీ పరీక్ష ఆ తిరుగు ప్రయాణమే.

బండి చూడ్డం ఎలా

అక్కడి నుంచి మేం బండ్లని తిరుగు ప్రయాణం లెక్కలో చూడ్డం మొదలుపెట్టాం.

దాదాపు ప్రతి పికప్‌కీ వెనక కమాన్ పట్టీలే. ముప్పై లక్షల బండికైనా అంతే, పది లక్షల బండికైనా అంతే. బరువు మోయడానికి వాటిని మించినవి లేవు. బరువు దిగగానే అవి బిగుసుకుపోతాయి. పట్టీలు బలంగా ఉన్న కొద్దీ ఖాళీ బండిలో మనుషులు పెనం మీద పల్లీల్లా ఎగురుతారు. అందుకే బండి కొనేటప్పుడు 'ఎంత మోస్తుంది' అని ఒక్కటే అడిగి ఊరుకోకూడదు. కాక మోసేది టన్ను లోపే. టన్నున్నర మోసే బండి కొంటే మిగతా జీవితమంతా నడుము నొప్పే. టెస్ట్ డ్రైవ్‌కి తీసుకున్నప్పుడు ఇరవై యూరియా బస్తాలు వేసి చూడాలి, బస్తా 45 కిలోలు కాబట్టి 900 కిలోలవుతాయి. ఆ తర్వాత బస్తాలు దించేసి అదే గుంతల దారిలో మళ్ళీ రావాలి. షోరూం కుర్రాడు నవ్వుతాడు, నవ్వనివ్వండి. టైర్లలో గాలి సంగతి కూడా అంతే. లోడుకి ఒక లెక్క, ఖాళీకి ఒక లెక్క కంపెనీ వాళ్ళు తలుపు దగ్గర అంటించిన చీటీ మీద రాస్తారు. లోడు గాలితోనే ఏడాదంతా తిప్పేవాళ్ళే ఎక్కువ.

బురద ముచ్చట కూడా దీనికే ముడిపడి ఉంది. మామూలు పికప్‌కి ఇంజను ముందుంటుంది, తిప్పేది వెనక చక్రాల్ని. లోడుంటే వెనక చక్రాలు నేలను పట్టుకుంటాయి. ఖాళీ అయితే బరువంతా ముందు, తిరిగే చక్రాలు వెనక గాల్లో ఉన్నంత తేలిక. చెల్క నేలలో వాన పడ్డ మర్నాడు ఇరుక్కునేది ఎక్కువగా ఖాళీ బండ్లే. నాలుగు చక్రాల్నీ తిప్పే ఇంజనుకి లక్షలు పెట్టే ముందు, ట్రాలీలో నాలుగు ఇసుక బస్తాలు వేసి చూడమని ఒక పాత మెకానిక్ సలహా. చేవెళ్ల వైపు రేగడి నేల అయితే ఆ సలహా చాలదు, అక్కడ నాలుగు చక్రాలూ తిరగాల్సిందే.

దర్జా బండ్లు కూడా చూశాం. ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ మన తెలుగు నేల మీదే తయారవుతుంది, శ్రీసిటీలో. ఆ ఫ్యాక్టరీ 2016లో మొదలైంది. 1.9 లీటర్ల డీజిలు, 163 హార్స్‌పవర్, లోపల కారు సుఖం. టయోటా హైలక్స్ 2022లో వచ్చింది. 2.8 లీటర్ల డీజిలు, 204 హార్స్‌పవర్, నాలుగు చక్రాల్నీ తిప్పే ఇంజను, 700 మిల్లీమీటర్ల లోతు నీళ్ళు దాటుతుందని కంపెనీ మాట. రెండూ అయిదు మీటర్లు దాటిన బండ్లే. అయితే వీ-క్రాస్ కాగితాల మీద మోసేది రెండు మూడు వందల కిలోలే. కాక టమాటాలకి సగం కూడా సరిపోదు. దూర ప్రయాణాలు, అడవి అంచు రిసార్టులు, సరదా ఉన్నవాళ్ళకి అవి భేషైన బండ్లు. రోజూ మార్కెట్‌కి పోయేవాళ్ళకి పట్టవు.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. ఏ బండికి ఎంత లోతు రాసినా పారే నీళ్ళలో దింపొద్దు. 2020 అక్టోబర్‌లో అప్ప చెరువు తెగి గగన్‌పహాడ్ దగ్గర హైవే మీది బండ్లనే ఈడ్చుకుపోయింది. హిమాయత్‌సాగర్ గేట్లెత్తితే ఔటర్ సర్వీసు రోడ్డు మూస్తారు, మూశారంటే మళ్ళించుకోవాల్సిందే.

మిగిలింది మహీంద్రా బొలెరో క్యాంపర్. ముందు రెండు వరసల్లో అయిదుగురు, వెనక చిన్న ట్రాలీ, టన్ను దాకా బరువు. 2.5 లీటర్ల పాతకాలపు డీజిలు. పరుగు పందేనికి పనికిరాదు. అయితే దాన్ని విప్పి బిగించలేని మెకానిక్ షాద్‌నగర్ నుంచి శంషాబాద్ దాకా లేడు. స్పేర్ పార్టులు కొత్తూరులోనే దొరుకుతాయి. ఆదివారం తెల్లవారుజామున నడి రోడ్డు మీద ఆగిపోతే, ఎంత దూరంలో ఎవరు వచ్చి బాగు చేస్తారన్నదే నమ్మకానికి అసలు కొలత. మనిషి కూర్చోడానికి రెండో వరస అక్కర్లేని వాళ్ళకి దోస్త్, ఇంట్రా లాంటివి ఇంకా చవక. తక్కువ లోడు ఉన్నవాళ్ళకి 2025 జూన్‌లో వచ్చిన ఏస్ ప్రో కూడా ఉంది, 750 కిలోలు మోస్తుంది.

కాగితాలు, కూలీలు, ఏసీ

కాగితాల సంగతులు కొన్ని. టీజీ 07 పసుపు ప్లేటు అంటే కాక మొదట భయపడ్డాడు, లైసెన్సు మళ్ళీ తీయాలేమోనని. అక్కర్లేదు. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని సరుకు బండిని మామూలు కారు లైసెన్సుతోనే నడపొచ్చని సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం 2024 నవంబర్ 6న తేల్చేసింది. బండి, సరుకు కలిపి 3,000 కిలోలు దాటకపోతే పర్మిట్ కూడా అక్కర్లేదు. కంపెనీలు చాలా పికప్‌లని ఆ గీతకి కాస్త కిందే ఆపి తయారు చేసేది అందుకే. ఫిట్‌నెస్ మాత్రం తప్పదు, ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా.

అక్టోబర్ అంటే పత్తి ఏరే కాలం. పొద్దున్నే ట్రాలీల్లో ఇరవై, ముప్పై మంది ఆడకూలీలు నిలబడి పోవడం ఏ ఊరి దారిలోనైనా చూస్తాం. సరుకు ట్రాలీలో మనుషుల్ని ఎక్కించడం నేరం, బోల్తా పడితే ఇన్సూరెన్సు వాళ్ళు చేతులెత్తేస్తారు. పండక్కి చుట్టాల్ని ఎక్కించినా అంతే. కాక క్యాంపర్ వైపు మొగ్గడానికి సగం కారణం ఆ రెండో వరస సీటు. డ్రైవరుతో కలిపి అయిదుగురు చట్టబద్ధంగా, నెత్తి మీద నీడతో.

ఏసీ మీద ఇంట్లో పెద్ద చర్చే అయింది. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి చేశారు. మూడున్నర టన్నులు దాటిన బండ్లకే ఆ నియమం, పికప్‌లకి లేదు. లారీ డ్రైవరుకి ఏసీ వస్తే నిద్రమత్తు తగ్గి ప్రమాదాలు తగ్గుతాయన్నది దాని వెనక ఆలోచన. చిన్న బండి డ్రైవరుకి మాత్రం నిద్ర రాదా? అందుకని ఏసీ ఉన్న రకమే తీసుకోమని నా ఓటు. చిన్నమ్మ ఓటు కూడా అదే. ఆ సందట్లో మెకానిక్ చెప్పిన హెచ్చరిక మాత్రం ఇక్కడ రాయాల్సిందే. బండి నిలబెట్టి ఏసీ కోసం ఇంజను ఆన్‌లో ఉంచి, అద్దాలు మూసుకుని నిద్రపోవద్దు. పొగలోని విషవాయువు లోపలికి చేరితే వాసన కూడా రాదు.

జమ్మి, పాలపిట్ట, సీతాఫలం

చివరికి క్యాంపరే ఇంటికొచ్చింది. దసరా నాడు పొద్దున్నే బండికి పూజ. పసుపు, కుంకుమ, బంతిపూల దండ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, ముందర బూడిద గుమ్మడికాయ. గుమ్మడి ముక్కలు రోడ్డు మీదే వదిలేస్తే స్కూటర్లు జారి పడతాయి కాబట్టి చిన్నమ్మ చీపురు పట్టుకుని నిలబడింది.

సాయంత్రం జమ్మి చెట్టు దగ్గరికి కొత్త బండిలోనే పోయాం. దసరా నాడు పాలపిట్టని చూడందే పండగ పూర్తి కాదు. పాలపిట్ట రాష్ట్ర పక్షి, జమ్మి రాష్ట్ర వృక్షం, తంగేడు రాష్ట్ర పుష్పం. 2014లో జింకతో పాటే వీటినీ ప్రకటించారు. ఈ ఒక్కరోజు కోసం పాపం ఆ పిట్టను పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి, పది రూపాయలకో ఇరవైకో దర్శనం అమ్మేవాళ్ళు గుళ్ళ దగ్గర కనిపిస్తారు. చాలా పిట్టలు ఆ బాధకే చచ్చిపోతాయి. చట్టం లెక్కలో అదీ వేటే. డబ్బిచ్చి చూసేవాళ్ళు లేకపోతే పట్టేవాళ్ళూ ఉండరు. మేం పొలాల గట్ల వెంబడి కరెంటు తీగల మీద వెతికాం. నీలి రెక్క ముందు కనిపించింది కాక మనవరాలికే. కాక వేట బండికి దొరికిన మొదటి వేట అది, దానికి ఏ అనుమతీ అక్కర్లేదు.

తిరిగొస్తూ హైవే పక్కన సీతాఫలాల గంపల దగ్గర ఆగాం. ఈ పండుకి దేశమంతా తెలిసిన రకం 'బాలానగర్', ఆ ఊరు ఇదే రోడ్డు మీద షాద్‌నగర్ దాటాక వస్తుంది. నవంబర్ దాకా గంపలు ఉంటాయి. కన్ను విచ్చుకున్న కాయ తీసుకుంటే రెండు రోజుల్లో పండుతుంది, బియ్యంలో పెట్టే పని లేదు.

పండగయ్యాక కాక పల్లి విత్తించాడు, కాపలా మొదలైంది. మొదటి రాత్రి చేని గట్టున బండి నిలబెట్టి, అద్దాలు దించి, దోమతెర కట్టుకుని, వెనక సీట్లో కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. సీటు మెత్తగా ఉంది, గాలి చల్లగా ఉంది, బండి కదలకుండా ఉంది. తెల్లారి లేచి చూస్తే బండికి పది గజాల దూరంలో రెండు సాళ్ళు తవ్వేసి ఉన్నాయి. పందులు ఎప్పుడొచ్చాయో, ఎప్పుడు పోయాయో తెలియదట.

"నీకు బండి మరీ సుఖమైంది" అంది చిన్నమ్మ. "మార్కెట్‌కి బండిల పో. కాపలాకి మాత్రం ఇగ మంచె మీదనే పండుకో."